నీలం ధర

నగల కొట్లల్లో లైట్లు బిగించడం నా పని.
చిన్నబజారులో మూడు షాపులు, ట్రంకురోడ్డులో రెండు.
బంగారానికి పసుపు పారే దీపం,
వెండికి తెల్లది,
రవ్వలకి ఇంకా తెల్లది, కాస్త పైనుంచి, ఏటవాలుగా.
ఏ దీపం కింద ఏది అబద్ధమాడుతుందో
సేట్లకన్నా నాకే బాగా తెలుసు.

ఇంటికొచ్చి
రెండడుగుల గాజుతొట్టి ముందు గొంతుక్కూచుంటే మాత్రం
ఓనమాలు రానోణ్ణి.

రామతీర్థం హేచరీ నించి మోపెడ్ మీద తెచ్చిన
ఉప్పునీళ్లు, మూడు క్యాన్లు.
"వడగట్టినవేలే, రొయ్యపిల్లలకి పోసేవే" అని
గేటు కాడ వెంగయ్య పట్టి ఇస్తాడు.
నీళ్లల్లో ఒక రాయి.
రాయి మీద పావలా కాసంత మెత్తపగడం,
ఎవరో తొట్లో పెంచి తుంచి అమ్మితే
గాలి నింపిన కవర్లో
మద్రాసు బస్సెక్కి వచ్చింది.

అది మెతుకు అడగదు.
వెలుగు అడుగుద్ది.
అదీ ఏదంటే అది కాదు,
ఇరవై బారల లోతుకి దిగేసరికి
ఎరుపు చచ్చి, పసుపు చచ్చి
చివరాఖరికి మిగిలే నీలం.

కంపెనీ లైటు పద్దెనిమిది వేలు.
పెంచలమ్మ అట్లకాడ చేత్తోనే బయటికొచ్చింది.
"దానికా? పద్దెనిమిదా?
పులుసుకన్నా రాదు గదయ్యా అది!"

గోడకున్న ట్యూబులైటు ఊడదీసి పైన పెట్టా.
పగడం మూతి ముడుచుకుంది,
నాచు మాత్రం
పెళ్లిబంతిలో కూచున్నట్టు తీరిగ్గా కూచుంది.
నర్సరీలో మొక్కలకేసే వంకాయరంగు బల్బు తెచ్చా.
ఎదురింటాయన గడపలో నిలబడి
"ఏమన్నా పూజా?" అన్నాడు, గొంతు తగ్గించి.
పొదలకూరు రోడ్డులో డీజే పెట్టే రహంతుల్లా
మూడు రంగులు తిప్పే లైటొకటి అరువిచ్చాడు.
ఎరుపు కోసేశాం, పచ్చ కోసేశాం.
నీలం బాగానే ఉండాది గానీ
దాని ఫ్యాను మోతకి పిల్ల చదువు మానేసింది.

ఆఖరికి విడి గింజలు కొన్నా.
మూడు వాట్లవి, గోరంతవి,
నీలం పదహారు, తెలుపు నాలుగు.
స్టోన్‌హౌస్‌పేటలో కిటికీలు చేసే షాపు
తుక్కులోంచి అల్యూమినియం పట్టీ,
చచ్చిన కంప్యూటర్లోంచి ఇంకా చావని ఫ్యాను.
అన్నీ కలిపి పదిహేడు వందల ఎనభై.
పాల లెక్క పక్కనే క్యాలెండర్ మీద రాసి
కింద రెండు గీతలు గీసింది పెంచలమ్మ.

మొదటిరోజే నిండుగా వేశా.
ఇరవై ఏళ్ల అలవాటు మరి,
కొట్లో ఎవరూ వెలుగు ఎక్కువైందనరు.
తెల్లారేసరికి పగడం
జొరమొచ్చి లేచిన బిడ్డ మొహంలా పాలిపోయింది.

ఆమే అన్నది, బియ్యం ఏరుకుంటా, ఇటు చూడకుండా,
"పురుటిగదిలోంచి తెచ్చిన పిల్లని
రోహిణికార్తె ఎండలో పడుకోబెడతారా ఎవరన్నా?"
లేచిపోయి పాత దోమతెర చించుకొచ్చింది.
నాలుగు మడతలు.
ఆదివారానికో మడత తీసేశాం.
నాలుగో ఆదివారం దాటినాక, సాయంత్రం
రాయి మీద వేళ్లు లేచినయ్.
ముందు రెండు,
లెక్కపెట్టేలోపల ఎన్నో.
పచ్చగా, లోపల్నించి ఎవరో దీపం పట్టుకున్నట్టు.
ఫోటో తీస్తే నీలం మరకే వచ్చింది, ఇంకేం రాలేదు.
కరెంటు బిల్లు ఎంత పెరిగిందని
ఆమె ఇంతవరకూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నిన్న చిన్నబజారులో
నిచ్చెన మీదుండా, స్క్రూ పళ్లమధ్య పట్టుకోని.
కింద సేట్ ఎవరికో ఉంగరాలు చూపిస్తా
"నీలం, పగడం ఒకే చేతికి పెట్టగూడదమ్మా,
శనికీ కుజుడికీ బద్ధవైరం" అంటుండాడు.
ట్రేలో ఎర్రగా, నున్నగా
ఎప్పుడో చచ్చిపోయిన పగడం,
నేను పెట్టిన లైటు కిందే.

నవ్వాపుకోలేకపోయా.
స్క్రూ జారి పడింది, మఖమల్ మీదో
ఆమె సంచిలోనో.
షాపు మూసేదాకా వెతికాం.
దొరకలా.